అప్పన్నకి మాత్రం చెప్పకండి

గుమ్మిడివలస డిగ్రీ కాలేజీలో తెలివైనవాళ్ళు ఎవరయ్యా అని అడిగితే నలుగురు చేతులెత్తుతారు. మిగతావాళ్ళు ఎత్తరు. వాళ్ళకి తమ మీద కాస్త అనుమానం ఉంటుంది. ఈ నలుగురికీ అనుమానమన్నదే లేదు.

పైడితల్లి, కనకారావు, సన్నాసిరావు, అప్పన్న.

"మిగతావాళ్ళు ఏ పని సెయ్యాలన్నా ముందు ఆలోచిస్తారురా. పాపం, తెలీదు కదా. తెలిసినోళ్ళకి ఆలోచనెందుకు?" అనేది పైడితల్లి.

"అవును," అనేవాళ్ళు ముగ్గురూ, ఆలోచించకుండా.

ఇంత తెలివి పెట్టుకుని ఊరికే కూర్చోలేరు కదా. కాలేజీ ఫిలిం క్లబ్బులో చేరి థ్రిల్లరు తీద్దామనుకున్నారు. పైడితల్లి డైరెక్టరు, ఎందుకంటే గొంతు పెద్దది. కనకారావు కెమెరా, ఎందుకంటే ఫోను వాడిది. సన్నాసిరావు రచయిత, ఎందుకంటే జేబులో ఎప్పుడూ పెన్నుంటుంది. అప్పన్న హీరో, ఎందుకంటే నలుగురిలో ఇస్త్రీ చొక్కా ఉన్నది వాడికే.

పైడితల్లికి ఇది సరదా పని కాదు. వాళ్ళ నాన్న సూర్నారాయణ ఆటో నడుపుతాడు. డిగ్రీ అయిపోవస్తోంది కదా, ఆయన మాట తేల్చేశాడు.

"మీ ఫిజిక్సు సారు నీ మొదటి సీను సూసి బాగుందంటే నిన్ను వైజాగులో సినిమా కోర్సులో సేర్పిస్తాను. బాగోలేదన్నాడా, సోమారం నుంచి మీ మావయ్య జీడిపప్పు బట్టీకి ఎల్లి కూకో. గుండు ఒక పక్క, బద్ద ఒక పక్క ఏరుకో."

పైడితల్లి ఒక వేసవిలో ఆ బట్టీలో పని చేసింది. జీడి కారి వేళ్ళ చివర్లు నల్లబడిపోతే కాలేజీ తెరిచేదాకా వదల్లేదు. వాళ్ళ అమ్మ వేళ్ళయితే ఇప్పటికీ అలాగే ఉన్నాయి. అందుకని ఈసారి పైడితల్లి చాలా గట్టిగా పట్టుకుంది.

ఫిలిం క్లబ్బు చూసుకునేది ఫిజిక్సు సారే. నలుగురూ వెళ్ళి అడిగారు. సరిగ్గా సారు నోరు తెరిచేసరికి అప్పన్నకి దాహం వేసి నీళ్ళ కుళాయి దగ్గరికి వెళ్ళాడు.

సారు చెప్పాడు: "మొదటి సీనులోనే టెన్షన్ పుట్టాలమ్మా. ఉదాహరణకి, హీరో టీకొట్టు బెంచీ మీద కూర్చుని టీ తాగుతుంటాడు. ఆ బెంచీ కింద సంచీలో బాంబు ఉంది. ఆ సంగతి చూసేవాళ్ళందరికీ తెలుసు. హీరోకి మాత్రం తెలీదు. ఒక్క ముక్క కూడా తెలియకూడదు. అంతే, చూసేవాళ్ళకి చెమట్లు పడతాయి."

"ఇంతేనా సార్?" అంది పైడితల్లి.

"ఇంతే."

ఇంకేముంది, ముగ్గురూ పరిగెత్తుకుంటూ బయటికొచ్చారు. ఎదురుగా అప్పన్న, మూతి తుడుచుకుంటూ.

"సారు ఏటన్నారే?"

"నీకు సెప్పకూడదు," అంది పైడితల్లి.

"నేను హీరోని కదా?"

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. సన్నాసిరావు పైడితల్లి చెవిలో ఊదాడు: "హీరోకి ఒక్క ముక్క కూడా తెలియకూడదన్నారు. వీడికి అప్పుడే ఒక ముక్క తెలిసిపోయింది."

పైడితల్లి డైరెక్టరు కాబట్టి అక్కడికక్కడే సరిచేసింది. "ఒరే అప్పన్నా, నువ్వు హీరోవి కాదు."

"మరి ఎవలు?"

"సెప్పకూడదు."

"పోనీ సినిమా అన్నా ఉందేటి?"

"లేదు. ఇంటికెల్లిపో."

అప్పన్న తన ఇస్త్రీ చొక్కా వైపు ఒకసారి చూసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

"సగం పని అయిపోయింది," అన్నాడు కనకారావు. "హీరోకి తెలీకుండా సేసేసాం. ఇంక సూసేవాళ్ళకి తెలియడమే మిగిలింది."

"సూసేవాళ్ళంటే ఎవలు?" అన్నాడు సన్నాసిరావు.

"ఊరంతాను. సినిమా ఊళ్ళో వేస్తాం కదా. అందరూ సూస్తారు."

"అయితే అందరికీ సెప్పాలి."

అంతే. సన్నాసిరావు సైకిలెక్కాడు. పాలకేంద్రం, మంగలి షాపు, పిండిమిల్లు, రామ్మందిరం అరుగు, ఒక్కటీ వదల్లేదు. అందరికీ ఒకే మాట చెప్పాడు. "శనివారం పొద్దున్న రమణమ్మ టీకొట్టు బెంచీ కింద బాంబుంటాది. పైన అప్పన్న కూకుంటాడు. సినిమా. మీరందరూ తెలుసుకుని ఉండాలి. అప్పన్నకి మాత్రం సెప్పకండి."

"బాంబు ఎవలదిరా?" అన్నాడు మంగలి సూరయ్య.

"మాదే."

"అయితే పర్లేదు," అన్నాడు సూరయ్య. "తెలిసినోళ్ళదే."

టీకొట్టు రమణమ్మ మాత్రం నడుం మీద చెయ్యి పెట్టుకుని అడ్డం తిరిగింది. "నా కొట్టు కింద బాంబెట్టి నాకు సెప్పడానికొచ్చావేటి? గాజు గ్లాసులు పోతే ఎవలిస్తారు?"

"మరి ఏటి సెయ్యమంటావు పిన్నీ?"

"శనివారం స్టీలు గ్లాసులో ఇస్తాను. అలాగైతేనే పెట్టుకోండి."

చివరికి అప్పన్న ఇంటికి కూడా వెళ్ళాడు సన్నాసిరావు. అప్పన్న పెరట్లో స్నానం చేస్తుంటే వాళ్ళమ్మ నూకాలమ్మకి గుట్టుగా చెప్పాడు. ఆవిడ అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"సినిమాయే కదమ్మా," అన్నాడు సన్నాసిరావు.

"సినిమా అయితేనేం బాబూ, కూకునేది నా కొడుకే కదా," అని ఆవిడ కళ్ళొత్తుకుంది.

ఇక్కడ వీళ్ళు బాంబు పనిలో పడ్డారు. నిజం బాంబు పెడితే ప్రమాదమని పైడితల్లికి తెలుసు. అంత తెలివిలేని మనిషి కాదు. కనకారావు వాళ్ళ మామ్మ దగ్గర కీ ఇచ్చే అలారం గడియారం ఉంది, ముందు గదిలో పెడితే పెరట్లోకి వినిపిస్తుంది. దాన్ని గోనెసంచీలో పెట్టారు. చూసేవాళ్ళకి తెలియాలి కదా, సంచీ మీద పెద్ద అక్షరాలతో 'బాంబు' అని రాశాడు సన్నాసిరావు.

"అప్పన్న సదివేస్తాడు కదరా," అంది పైడితల్లి.

"వాడికి సదువొచ్చేటి?"

"మనతోనే కదరా ఫైనలియరు."

అది నిజంగా ఇబ్బందే. చాలాసేపు కూర్చుని, అక్షరాలు రోడ్డు వైపుకి తిప్పి పెడదామనుకున్నారు. అంత మంచి ఉపాయం వచ్చినందుకు ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు.

శనివారం వచ్చింది. పొద్దున్నే సంచీ బెంచీ కింద చేరింది. రోడ్డుకి అవతలి పక్క ఊరు చేరింది. కొందరు కుర్చీలు తెచ్చుకున్నారు. అందరూ కళ్ళార్పకుండా ఖాళీ బెంచీ వైపు చూస్తున్నారు. అప్పన్న రాలేదు.

"ఏడీ?" అన్నాడు కనకారావు.

"వస్తాడు," అంది పైడితల్లి.

"రమ్మని సెప్పావేటి?"

"ఎలా సెప్తాను? రమ్మంటే ఎందుకంటాడు. ఎందుకో సెప్తే తెలిసిపోద్ది."

"అయితే ఫోను సేద్దాం."

"సేసి?"

"ఏటీ మాట్లాడొద్దు."

బాగుందనిపించింది. కనకారావు ఫోను కెమెరాకి కావాలి కాబట్టి సన్నాసిరావు ఫోనులోంచి చేశారు. అప్పన్న ఎత్తి "హలో, హలో" అన్నాడు. అటు గుంపులో ఒక్కరూ పలకలేదు, ఊపిరి మాత్రం వినపడింది. పెట్టేశారు. మళ్ళీ చేశారు. మళ్ళీ ఊపిరే.

అప్పన్న పరిస్థితి అప్పటికే బాగోలేదు. రెండు రోజులుగా ఏం జరుగుతోందో వాడికి అర్థం కావడంలేదు. వీధిలోకి వెళ్తే మాట్లాడుకునేవాళ్ళు మాట ఆపేస్తున్నారు. మంగలి సూరయ్య దారిలో పట్టుకుని, అడక్కుండానే తల దువ్వి, "మంచోడివిరా నువ్వు," అని వదిలేశాడు. పిండిమిల్లాయన వాడి వెనకాల నిలబడి నిట్టూర్చాడు. ఇంట్లో అమ్మ మంచి చేపముక్కలన్నీ వాడి కంచంలోనే వేసి, పక్కకి తిరిగి ముక్కు చీదుకుంటోంది.

"ఏటమ్మా?"

"ఏటీ లేదు నాయనా. తిను. ఇంకో ముక్కేసుకో."

ఇప్పుడీ ఫోనొకటి. ఎత్తితే ఒకటే ఊపిరి.

అప్పన్న తెలివైనవాడు కదా, లెక్క కట్టాడు. మాట్లాడ్డం మానేశారు, తల దువ్వుతున్నారు, చేప పెడుతున్నారు, ఏడుస్తున్నారు. ఇదంతా ఎప్పుడు చేస్తారు? మనిషికి మందులేని జబ్బొచ్చినప్పుడు చేస్తారు. ఊరందరికీ తెలుసు. తనకొక్కడికే చెప్పడంలేదు.

అంతే. ఉన్నన్నాళ్ళు ఉంటాం, ఒక టీ అయినా తాగుదామని ఇస్త్రీ చొక్కా తొడుక్కుని రమణమ్మ కొట్టుకి బయల్దేరాడు.

మలుపు తిరిగేసరికి ఊరంతా రోడ్డు పక్కన నిలబడి ఉంది. అందరూ తననే చూస్తున్నారు. అప్పన్న చొక్కా సర్దుకున్నాడు. మెల్లగా వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. కూర్చోగానే ఊరంతా ఒక అడుగు వెనక్కేసింది.

"పిన్నీ, టీ," అన్నాడు.

రమణమ్మ స్టీలు గ్లాసు తెచ్చి, చెయ్యి బారుగా చాపి అందించింది. "బేగి తాగెయ్ నాయనా. తాగేసి ఎల్లిపో."

"స్టీలు గ్లాసేటి పిన్నీ? నాది అంటుకునే జబ్బేటి?"

"నాకేటీ తెల్దు నాయనా. నన్నడక్కు," అని రమణమ్మ కొట్టు వెనక్కి పోయింది.

అప్పన్న గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నాడు. అప్పుడు వినపడింది. టిక్కు. టిక్కు. టిక్కు.

అటు చూశాడు, ఇటు చూశాడు. చొక్కా లోపలికి చూశాడు. గుండె మీద చెయ్యేసుకున్నాడు.

"పిన్నీ," అన్నాడు. "నా గుండె సప్పుడు బయటికి ఇనపడతంది."

కొట్టు వెనకనుంచి రమణమ్మ అంది: "నాకూ ఇనపడతంది నాయనా."

"నాకేటైంది పిన్నీ?"

రోడ్డుకి అవతల నూకాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. సూరయ్యకి చెమట్లు పట్టి దువ్వెన చేతిలోంచి జారింది. ఎవరో "సెప్పేద్దాం, పాపం," అన్నారు. "సెప్పకూడదు," అన్నారు మిగతా అందరూ. అప్పన్న ఏడవడం మొదలుపెట్టాడు. ఏడుస్తూనే టీ తాగుతున్నాడు. ఏడుపుకీ గుటకకీ మధ్య టిక్కు, టిక్కు.

పైడితల్లి తడికె వెనకాల కూర్చుని చూస్తోంది. ఇంత టెన్షను తను ఏ సినిమాలోనూ చూడలేదు.

అప్పుడు అలారం మోగింది.

గడియారమంటే అలారం ఉండాలి కదా అని కనకారావు దానిక్కూడా కీ ఇచ్చాడు. గణగణమని బెంచీ అదిరింది. ఊరంతా ఒక్కసారి నేల మీద బోర్లా పడింది. అప్పన్న రెండు చేతులతో గుండె పట్టుకుని, "అమ్మా, నాది మోగతందే," అని అరిచి బెంచీ మీదే వెల్లకిలా పడిపోయాడు.

కాసేపటికి అలారం ఆగింది. ఏమీ పేలలేదు. ఊరు లేచి దుమ్ము దులుపుకుంది. "పేల్తాదన్నారు," అన్నాడు పిండిమిల్లాయన, కొంచెం కోపంగానే. నూకాలమ్మ పరిగెత్తుకొచ్చి కొడుకు మొహం మీద నీళ్ళు చల్లింది. అప్పన్న కళ్ళు తెరిచి చెవి పెట్టి విన్నాడు. అలారం అదురుకి గడియారం ఆగిపోయి, ఇప్పుడు టిక్కుమనడంలేదు.

"ఆగిపోయిందే అమ్మా," అన్నాడు. "నేను పోయాను."

"పోలేదు నాయనా. ఇంకో టీ తాగు."

పైడితల్లి తడికె వెనకనుంచి గంతేసుకుంటూ వచ్చింది. "ఒరే కనకా, తీసావా?"

"మొత్తం తీసాను. ఒక్క సెకను కూడా ఒగ్గలేదు."

"కెమెరా ఏదిరా, నీ సేతిలో కనపడలేదు?"

"సేతిలో పట్టుకుంటే అప్పన్న సూసేస్తాడు కదా. వాడు సూడని సోటు ఈ కొట్లో ఒక్కటే ఉంది." కనకారావు వంగి సంచీ మూతి విప్పి, గడియారం పక్కనుంచి ఫోను తీశాడు. "సంచీలో పెట్టి ఆన్ సేసి, తాడుతో గట్టిగా కట్టేసాను."

పైడితల్లి వాడి చెయ్యి పట్టుకుని ఊపేసింది. "ఎవలికొస్తాదిరా ఇంత తెలివి!"

ఆదివారం నలుగురూ సారు ఇంటికి వెళ్ళారు. ఇప్పుడు సీను అయిపోయింది కాబట్టి అప్పన్నని కూడా రానిచ్చారు. సారు ఫోను బల్ల మీద నిలబెట్టి చూడ్డం మొదలుపెట్టాడు. తెర నల్లగా ఉంది. టిక్కు, టిక్కు. ఎవరో కూర్చున్నట్టు బెంచీ కిర్రుమంది. టిక్కు, టిక్కు. "నా గుండె సప్పుడు బయటికి ఇనపడతంది." ఏడుపు, గుటక, టిక్కు. సారు కుర్చీలో ముందుకి జరిగాడు. "నాకేటైంది పిన్నీ?" సారు నుదురు తుడుచుకున్నాడు. అలారం గణగణలాడేసరికి ఉలిక్కిపడి సారు కూడా "అమ్మా" అన్నాడు.

అయిపోయింది. మొదట అప్పన్నే అన్నాడు: "హీరో ఎవలో గానీ సార్, ఏడుపు మాత్రం బాగా ఏడిసాడు."

సారు వాడి వైపు ఒకసారి చూసి, పైడితల్లి వైపు తిరిగాడు.

"ఆ గొంతులో భయం ఉందే, అది నిజం భయంలా ఉందమ్మా," అన్నాడు పైడితల్లితో. "నాకే చెమట పట్టింది. కానీ ఏమీ కనపడలేదు కదా? అంతా చీకటి. దీనికి కాస్త వెలుతురు పెట్టి రేపు మధ్యాహ్నంలోపు తీసుకురండి. అప్పుడు మీ నాన్నకి నేనే ఫోను చేసి చెప్తాను."

"వెలుతురు పెడితే సాలా సార్?"

"చాలు."

ఇంకేముంది, వైజాగుకి సగం దూరం వెళ్ళిపోయినంత సంబరం. సోమవారం తెల్లారగానే పైడితల్లి వాళ్ళ డాబా మీద చేరారు.

"ట్యూబులైటు కింద పెడదామా?" అన్నాడు కనకారావు.

"ట్యూబులైటు తెల్లగా ఉంటాది. మొహాలు పాలిపోయినట్టు వస్తాయి," అన్నాడు సన్నాసిరావు. "ఎండయితే ఒరిజినలు."

పైడితల్లి వాళ్ళమ్మ చాట తెచ్చింది. చాటలో ఫోను పెట్టి, సీను పైకి వచ్చేలా తిప్పి, డాబా మధ్యలో ఎండలో ఉంచారు. కాకులు ఎత్తుకుపోకుండా అప్పన్న కర్ర పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి కనకారావు వేలు పెట్టి చూశాడు.

"వేడిగా ఉందే."

"లోపలికి ఎక్కతంది మరి," అంది పైడితల్లి. "ఉండనియ్. సారు కాస్త అన్నారు, మనం గట్టిగా ఎక్కిద్దాం."

ఎండ ముదిరింది. ఫోను మీద ఏదో రాసి వచ్చింది, వెలుతురులో ఎవరికీ కనపడలేదు. ఇంకాసేపటికి ఫోను ఒకసారి వణికి ఊరుకుంది. నొక్కితే పలకలేదు.

అప్పుడే మెట్లెక్కుతూ సూర్నారాయణ వచ్చాడు. చేతిలో కూతురి క్యారేజీ ఉంది. జీడిపప్పు బట్టీలో దింపుదామని కింద ఆటో స్టార్టులోనే పెట్టొచ్చాడు.

"సారు ఫోను సేయలేదు. పద," అన్నాడు.

పైడితల్లి మొహం వాడిపోయింది. "నాన్నా, ఒక్కసారి నువ్వు సూడు. సూసినాక ఎక్కడికి రమ్మంటే అక్కడికొస్తాను."

సూర్నారాయణ క్యారేజీ కింద పెట్టి, చాట ముందు గొంతుక్కూర్చుని, నల్లటి ఫోను వైపు చూడ్డం మొదలుపెట్టాడు. చూశాడు. ఇంకా చూశాడు. ఏమీ రాలేదు. ఏ చప్పుడూ లేదు. నెత్తి మీద ఎండ మండిపోతోంది. ఆయన మొహం మీద చెమట కారి గడ్డం చివర వేలాడింది.

"ఏటవుద్దే?" అన్నాడు, గొంతు తగ్గించి.

"సూడు నాన్నా."

"సూస్తన్నాను. ఎంతసేపు సూసినా ఏటవుద్దో తెలియట్లేదు. నాకు కంగారుగా ఉందే."

కనకారావు సన్నాసిరావు వైపు తిరిగాడు. "నిన్న సప్పుడన్నా ఉండేది. ఇప్పుడది కూడా లేదు. ఇదే బాగుంది."

సూర్నారాయణ చొక్కా అంతా తడిసిపోయింది. అప్పుడు ఆయన జేబులో ఫోను మోగింది. సారు. ఆయన చాట మీంచి కళ్ళు తిప్పకుండానే ఎత్తాడు.

"సూర్నారాయణగారూ, పిల్లలు ఇంకా రాలేదండి. వెలుతురు పెట్టారా?"

"బాగా ఎక్కింది సార్. ముట్టుకుంటే కాలతంది."

"అంటే?"

"మీరింక సెప్పక్కర్లేదు సార్. నేను సూస్తన్నాను. నాకు సెమట్లు పట్టేసినాయి," అని పెట్టేసి, వెంటనే బావమరిదికి చేశాడు. "ఒరే బావా, పైడి బట్టీకి రాదురా. వైజాగెల్తాది. అది తీసింది సూసి నాకు కాళ్ళు సేతులు ఆడ్డంలేదు."

పైడితల్లి వాళ్ళ నాన్న మెడ చుట్టూ చేతులేసి ఏడ్చేసింది. మిగతా ముగ్గురూ ఈలలేశారు. కింద ఆటో దానంతట అదే ఆగిపోయింది. సూర్నారాయణ కళ్ళు తుడుచుకుని, వేలితో ఫోనుని ఒకసారి పొడిచి చూశాడు.

"ఈ పక్క బాగానే అయింది గానీ, ఎనకాల పక్క పచ్చిగానే ఉందే. రెండో సీను అటు పక్కేనా?"

"రెండో సీను ఇంకా తియ్యలేదు నాన్నా."

"తీసేనాటికి వానలొచ్చేస్తే? ఎండున్నప్పుడే ఎక్కించేసుకోవాలి. తెలివుండక్కర్లేదేటి?"

నిజమే అనిపించింది అందరికీ. అంతే. ఐదుగురూ చాట చుట్టూ కూర్చుని, ఇంకా తియ్యని రెండో సీనుని బోర్లా తిప్పి ఎండబెట్టారు.